యారాడ రాయబారి

దుర్గారావుకి సముద్రం పడదు. జాలరి ఇంట పుట్టినవాడు పైకి చెప్పుకోవాల్సిన మాట కాదిది, కానీ అతను అడక్కపోయినా చెప్తాడు. పన్నెండో ఏట వాళ్ళ నాన్న తాతబాబు తెప్ప మీద మొదటిసారి లోపలికి తీసుకెళ్తే, ఒడ్డున చేపలారేస్తున్న ఆడవాళ్ళు ఇంకా కనబడుతుండగానే కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. రెండోసారి ఒడ్డు కనుమరుగయ్యేదాకా ఆగాడు. తాతబాబు దాన్ని అభివృద్ధి కింద జమకట్టాడు గాని, తెప్ప మీది మిగతా ఇద్దరూ కట్టలేదు. వీడొస్తే మేం రామని మూడోసారి తెగేసి చెప్పారు. “నన్ను ముందు సేపలే ఒద్దన్నాయి బావా, మనుసులు తర్వాత” అంటాడు దుర్గారావు, కొత్తగా పరిచయమైన ఎవరితోనైనా.

అలా ఒడ్డున పడ్డవాడు పోర్టులో తేలాడు. ఓడలకి కూరగాయలు, మాంసం, మంచినీళ్ళు సరఫరా చేసే ఒక కంపెనీలో గుమాస్తా ఉద్యోగం. జెట్టీకి కట్టేసిన ఓడ ఎక్కినా అతనికి తల తిరిగేది, అయినా పళ్ళబిగువున ఎక్కేవాడు. పదిహేనేళ్ళలో ఇంగ్లీషు ఒంటబట్టింది. ఓడల్లో వంటవాళ్ళ దగ్గర చైనా భాష ఓ నలభై ముక్కలు పట్టుబడింది. అందులో సగం కూరగాయల పేర్లు, మిగతా సగంలో సగం బూతులు.

అచ్యుతాపురంలో తైవాన్ వాళ్ళు సైకిల్ విడిభాగాల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు, యాజమాన్యానికీ స్థానికులకీ మధ్య మాట నడిపే మనిషి కావాలన్నారు. ఇంటర్వ్యూలో మేనేజరు వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. అర్థం కాని దుర్గారావు, తెలిసిందేదో చెబుదామని క్యాబేజీ, ముల్లంగి, అల్లం, ఉల్లికాడలు అంటూ ఆ భాషలోనే వరసపెట్టి అప్పజెప్పాడు. మేనేజరు కడుపుబ్బ నవ్వి ఉద్యోగం ఇచ్చేశాడు. కార్డు మీద లైజాన్ ఆఫీసర్ అని పడింది. అదేం ఉద్యోగమో యారాడలో ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి పిన్ని వరసయ్యే పోతమ్మ తేల్చింది, ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోసేవాణ్ణి రాయబారి అంటారని. ఆ పేరే స్థిరపడిపోయింది.

మోయడంలో అతనికో పద్ధతుంది. ఏ మాటనైనా మెత్తబరిచి మోసేవాడు. ఐదు నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు జీతం కోసేస్తానని మేనేజరు అంటే, మీరు టైముకొస్తే సారుకి ఎంతో సంతోషమట అని ఆడవాళ్ళకి చెప్పేవాడు. వీడి పాడె కట్టా అని ఆడవాళ్ళంటే, మీ ఆరోగ్యం గురించి అడుగుతున్నారు సార్ అని మేనేజరుకి చెప్పేవాడు. రెండువైపులా నవ్వుమొహాలే. గొడవ లేదు, సమ్మె లేదు. దీపావళికి కంపెనీ ఇచ్చే మిఠాయి డబ్బా అందరికీ అరకిలోదైతే దుర్గారావుకి కిలోది వచ్చేది.

ఈ పద్ధతిలో ఒక్క విషయం మాత్రం గొంతుకి అడ్డం పడింది. అది బస్సు. యారాడ ఆడవాళ్ళు నలభై ముగ్గురు ఆ ఫ్యాక్టరీలో పెడళ్ళు బిగిస్తారు. కంపెనీ బస్సు సింధియా జంక్షన్ దాకానే వస్తుంది. జంక్షన్‌కీ ఊరికీ మధ్య కొండ. తెల్లవారకముందే ఆటోకి పదీ పన్నెండు మంది చొప్పున కుక్కుకుని, ఆ మలుపుల్లో ఎక్కి దిగితే తప్ప మొదటి షిఫ్టు అందదు. బస్సుని ఊళ్ళోకి పంపమని వాళ్ళు ఎనిమిదేళ్ళుగా అడుగుతున్నారు. సారు ఆలోచిస్తున్నారని దుర్గారావు ఎనిమిదేళ్ళుగా చెబుతున్నాడు.

అసలు సంగతి అతనొక్కడికే తెలుసు. ఆ మాట మేనేజరు చెవిన పడనేలేదు. మొదటి ఏడాది ఒకసారి, మా కొండదారి చాలా అందంగా ఉంటుంది సార్, ఎప్పుడైనా బస్సులో వచ్చి చూడాలి అన్నాడు. మేనేజరు సరేనన్నాడు. అడిగేసినట్టే అనుకుని దుర్గారావు ఇంటికొచ్చేశాడు. ఆలోచిస్తున్నారని ఊళ్ళో చెప్పేశాక మళ్ళీ కొత్తగా అడగడానికి మొహం చెల్లలేదు. ఏడాది గడిచేకొద్దీ అడగడం మరింత కష్టమైంది.

రెండేళ్ళ కిందట వానల్లో ఒక ఆటో మూడో మలుపులో పల్టీ కొట్టింది. అందులో దుర్గారావు చెల్లెలు చిట్టమ్మ ఉంది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనైతే అయింది గాని ఒక కాలు పొట్టిదైపోయి, నిలబడి చేసే ఉద్యోగం పోయింది. ఆవేళ ఆస్పత్రి వరండాలో దుర్గారావు గోడకేసి తల కొట్టుకున్నాడు. తెల్లారగానే వెళ్ళి అడిగేస్తాననుకున్నాడు. వెళ్ళాడు కూడా. మేనేజరు లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకుని, చెల్లెలికిమ్మని పెద్ద పళ్ళబుట్ట చేతిలో పెట్టాడు. ఆ మొహమాటంలో మాట మళ్ళీ లోపలికి పోయింది. యాపిల్స్ మాత్రం చాలా బాగున్నాయని చెప్తాడు.

ఉద్యోగంలో ఉండి అడగలేనిది పదవిలో ఉండి అడుగుదామని, కార్పొరేషన్ ఎన్నికల్లో ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. గుర్తు టెలిఫోన్ వచ్చింది. మాట మోసేవాడికి తగ్గ గుర్తే దొరికిందని మురిసిపోయాడు. జాలర్లతో జాలర్ల మాట, పోర్టు కాలనీలో గోదావరి వాళ్ళతో వాళ్ళ మాట, స్టీలు ప్లాంటు ఉద్యోగులతో స్టీలు ప్లాంటు మాట మాట్లాడాడు. నూట పన్నెండు ఓట్లు వచ్చాయి. వాళ్ళావిడ సూర్యకళ పుట్టింటి వైపే నూట నలభై ఓట్లున్నాయి. అందరికీ అవునన్నవాణ్ణి ఎవరు నమ్ముతారని సూర్యకళ అంది. మిగతా ఇరవై ఎనిమిది మంది ఎవరో కనుక్కోవాలని దుర్గారావు ఇప్పటికీ అంటుంటాడు.

ఇలా ఉండగా కిందటి ఫిబ్రవరిలో లిన్ గారు వచ్చారు. డెబ్బై దాటిన సన్నపాటి మనిషి. తైవాన్ తరఫున ముప్పై ఏళ్ళు దౌత్యవేత్తగా పనిచేసి, తర్వాత అక్కడి చట్టసభకి వెళ్ళి, ఇప్పుడు ఫ్యాక్టరీ యజమానులకి సలహాదారుగా ఉన్నారు. ఫ్యాక్టరీ చూడటం అయ్యాక, ఆదివారం మధ్యాహ్నం నుంచి సాయంత్రం విమానం వేళదాకా ఖాళీ ఉంది గనక జాలర్ల ఊరు ఒకటి చూడాలని ఉందన్నారు. డ్రైవర్ సెలవు పెట్టాడు. లైజాన్ ఆఫీసర్ అంటే డ్రైవర్ రాని రోజు డ్రైవరే కాబట్టి, కారు దుర్గారావే తోలాడు.

ఆటోనగర్ దగ్గర లారీల మధ్య ఇరుక్కుపోయి కదలని అరగంటలో లిన్ గారు తన కథంతా చెప్పారు. చక్కటి ఇంగ్లీషు, నెమ్మదైన గొంతు. ఆయనది దక్షిణాన ఒక చేపల రేవు. అన్నదమ్ములు నలుగురూ పడవలెక్కితే, ఈయన పడవకి పనికిరాడని తేల్చి బడికి పంపారట. విదేశాంగ శాఖ పరీక్షకి ఫ్రెంచి ఎంచుకున్నారు, ఎందుకంటే ఆ గదిలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. దాంతో ఆఫ్రికా పంపించారు.

“మమ్మల్ని దేశంగా గుర్తించే దేశాలు కొన్నే,” అన్నారాయన. “అవి కూడా ఒక్కొక్కటే అవతలి పక్షానికి, అంటే చైనాకి, వెళ్ళిపోతుంటాయి. వెళ్ళిన రోజు మేం జెండా దించి సామాను సర్దుకోవాలి. నేను వెళ్ళిన మొదటి దేశం నాలుగేళ్ళకి పోయింది. రెండోది రెండేళ్ళకి. మూడోది ఒక ద్వీపం, నా పెట్టెలు ఓడ దిగకముందే పోయింది. మా శాఖలో నాకొక పేరుండేది. జెండా దించాలంటే లిన్‌ని పంపండి, చాలా బాగా మడతపెడతాడు అని.”

దుర్గారావు స్టీరింగ్ మీద తలపెట్టి నవ్వాడు. వెనక లారీ హారన్ కొడుతున్నా నవ్వాడు.

తర్వాత ఆయన్ని ఒక పెద్ద దేశానికి పంపారు. అక్కడ రాయబార కార్యాలయం అని బోర్డు పెట్టుకోవడానికి వీల్లేదు, వాణిజ్య కేంద్రం అని పెట్టుకున్నారు. ఆయన్ని రాయబారి అనడానికి వీల్లేదు, ప్రతినిధి అనాలి. పనులన్నీ రాయబారివే, ప్రభుత్వ విందుల్లో కుర్చీ మాత్రం వంటింటి తలుపు పక్కన. వేడివేడిగా ముందు నాకే వచ్చేది అన్నారు లిన్ గారు. ఉద్యోగం వదిలేసి సొంత రేవు నుంచి మూడుసార్లు పోటీ చేస్తే మధ్యలో ఒక్కసారి గెలిచారు. సభలో ఆయన చేసిన చెప్పుకోదగ్గ పని, ఇద్దరు సభ్యులు కొట్టుకుంటుంటే సర్దిచెప్పబోయి మధ్యలో కుర్చీ దెబ్బ తినడం. ఆ ఫొటో పేపర్లో పడిందట.

దుర్గారావుకి ఆయన సొంత బావలా అనిపించారు. తన నూట పన్నెండు ఓట్ల సంగతి చెప్పేశాడు. లిన్ గారు అతని భుజం తట్టారు. మన వృత్తిలో ఇవన్నీ మామూలే అన్నారు. మన వృత్తి అన్న మాటకి పొంగిపోయి దుర్గారావు కొండ మీద రెండు మలుపులు కాస్త వేగంగా తిప్పాడు.

యారాడలో ఇసకలో షామియానా వేసి ఉంది. వంజరం పులుసు, రొయ్యల వేపుడు సిద్ధంగా ఉన్నాయి. ఊరి పెద్ద శ్రీరామ్మూర్తి, ఆయన పక్కన పోతమ్మ, వాళ్ళ ముందు ఫ్యాక్టరీ ఆడవాళ్ళు నలభై ముగ్గురూ కూర్చున్నారు. ప్లాస్టిక్ కుర్చీలో చిట్టమ్మ. పక్కన బల్ల మీద తాంబూలం పళ్ళెం.

ఆ ఒడ్డున ఒక కట్టుబాటుంది. పెళ్ళి మాటైనా, వలల పంపకమైనా, తగువైనా, తేలిందనుకున్నాక ఒప్పుకున్నవాడు ఆకూ వక్కా అవతలివాడి చేతిలో పెడతాడు. అవతలివాడు నోట్లో వేసుకున్నాడా, ఇంక మాట తిరగదు. తిప్పినవాడితో ఎవరూ తెప్ప ఎక్కరు. అందుకే పళ్ళెం పక్కనుంటుంది గాని, పని తేలేదాకా ఎవరూ ముట్టుకోరు. ఈ సంగతి లిన్ గారికి ముందే చెప్పాల్సినవాడు దుర్గారావు. రొయ్యల్లో కారం తగ్గించమని మూడుసార్లు ఫోన్ చేశాడు గాని, ఇది మాత్రం మరిచిపోయాడు.

భోజనాలయ్యాక పోతమ్మ లేచి నిలబడింది. ఆవిడకి ఉపోద్ఘాతాలు తెలీవు.

“బాబూ, మా ఆడోలకి బస్సు కావాల. కొండెక్కి ఊర్లోకి రావాల. ఈ పిల్ల కాలు ఇరిగినాది, సూడు. ఒచ్చే నెల ఒకటో తారీకుకి బస్సు రాపోతే ఏ ఒక్కత్తీ పనిలోకి రాదు. అంతే, ఇంకేటీ నేదు.”

లిన్ గారు దుర్గారావుకేసి చూశారు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పడానికే నోరు తెరిచాడు. కానీ ఏళ్ళ తరబడి అలవాటైన నోరు తన దారిన తాను పోయింది. ఆవిడ మీకు స్వాగతం చెబుతోంది సార్, మీ ప్రయాణమూ మా ఊరి ఆడవాళ్ళ ప్రయాణాలూ క్షేమంగా సాగాలని కోరుకుంటోంది అన్నాడు.

“యెస్, యెస్,” అన్నారు లిన్ గారు, రెండు చేతులూ జోడించి.

యెస్ అన్న మాటకి తర్జుమా అక్కర్లేదు. షామియానా అంతా ఒక్క కుదుపు కుదిపినట్టయింది. అంతలో లిన్ గారి చూపు తాంబూలం పళ్ళెం మీద పడింది. ఆయన మొహం వెలిగిపోయింది. వాళ్ళ రేవులో వక్క నమలని జాలరి ఉండడట. ఎన్నికలప్పుడు ఈయన జేబుల్నిండా వక్కలు పోసుకుని పడవ పడవకీ తిరిగి పంచేవారట. డాక్టరు తిట్టాక తినడం మానేశారు గాని పంచే చెయ్యి మానలేదు. దుర్గారావు లేచేలోపే ఆయన పళ్ళెం అందుకుని, మొదట పోతమ్మ చేతిలో, తర్వాత శ్రీరామ్మూర్తి చేతిలో, తర్వాత చిట్టమ్మ చేతిలో, వరసగా ఒక్కొక్కరికీ రెండు చేతులతో వంగి ఆకూ వక్కా పెట్టుకుంటూ పోయారు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నోట్లో వేసుకున్నారు. పోతమ్మ కళ్ళు తుడుచుకుంది. సోమవారం నుంచే వస్తుందా అని అడిగింది. చిట్టమ్మ వక్క నములుతూ అన్నకేసి చూసి నవ్వింది. ఎనిమిదేళ్ళు తిరిగి అన్న సాధించాడని ఆమె నమ్మింది. ఆ నవ్వు చూడలేక దుర్గారావు కారు తాళాల కోసం అవి లేని జేబులో వెతుక్కున్నాడు.

తిరుగు దారిలో మూడో మలుపు దగ్గర కారు ఆపేశాడు. సార్, ఆవిడ అన్నది అది కాదు అన్నాడు. బస్సు సంగతి, తాంబూలం కట్టుబాటు, చిట్టమ్మ కాలు, ఎనిమిదేళ్ళు, పళ్ళబుట్ట, అన్నీ చెప్పాడు. ఇంగ్లీషు చాలనిచోట నలభై ముక్కలు వాడబోయాడు గాని, అక్కడ క్యాబేజీ పనికిరాలేదు.

లిన్ గారు కారు అద్దం దించి కింద సముద్రంకేసి చూశారు.

“ఆ రెండో దేశంలో,” అన్నారు, “ఆస్పత్రి కట్టిస్తామని మావాళ్ళు మాటిచ్చారు. కట్టలేదు. ఇంకో ఆరు నెలల్లో కట్టకపోతే సంబంధాలు తెంచుకుంటామని వాళ్ళ మంత్రి నాతో సూటిగా చెప్పాడు. నేను మా రాజధానికి రాశాను, ఆస్పత్రి విషయంలో స్నేహపూర్వకమైన ఆసక్తి వ్యక్తమైంది అని. ఆరు నెలలయ్యాక జెండా దించాను. మావాళ్ళు నాకు పదోన్నతి ఇచ్చారు. అబద్ధం రాయలేదు దుర్గారావ్, మెత్తగా రాశాను. ఇది నేనెవరికీ చెప్పలేదు.”

తర్వాత ఆయన తన చేతిలో ఏమీ లేదన్నారు. సలహాదారు అంటే సలహా ఇచ్చేవాడే, బస్సు కాదు కదా ఒక పెడల్ కూడా ఇవ్వలేడు. కానీ ఆకు చేతిలో పెట్టింది తనే. వెనక్కి వెళితే ఏమవుతుందని అడిగారు.

“నా పేరు పోతుంది సార్.”

“వెళ్ళకపోతే?”

“రేపు తెల్లారకుండా వాళ్ళంతా రాని బస్సు కోసం రోడ్డు మీద నిలబడతారు.”

లిన్ గారు వాచీ చూసుకున్నారు. విమానానికి టైముంది. దుర్గారావు కారు తిప్పాడు.

షామియానా ఇంకా విప్పలేదు. లిన్ గారు చెప్పింది చెప్పినట్టు, మొదటిసారి ఒక్క మాట కూడా మార్చకుండా దుర్గారావు తెలుగులో చెప్పాడు. ఆయనకి కట్టుబాటు తెలీదని, బస్సు ఇచ్చే అధికారం లేదని, క్షమించమంటున్నారని. ఆయన మాట అయిపోయాక దుర్గారావు కూర్చోలేదు.

“ఇది సారు తప్పు గాదు పిన్నీ. నువ్వు సెప్పింది నాను సెప్పనేదు. ఈ పాలే గాదు. ఎనిమిదేల్లలో నాను ఒక్కపాలి కూడా బస్సు అడగనేదు.”

ఎవరూ తిట్టలేదు. తిడతారని, నాలుగు తగిలిస్తారని, అదైనా కొంత నయమని అతను అనుకున్నాడు. ఆడవాళ్ళు లేచి ఒక్కొక్కరే గిన్నెలు సర్దుకోవడం మొదలుపెట్టారు. చిట్టమ్మ తలెత్తలేదు. పోతమ్మ నోట్లో ఉన్న తాంబూలం పక్కకి వెళ్ళి ఉమ్మేసి వచ్చింది.

“అయితే ఇంక నువ్వు మొయ్యక్కర్నేదు, దుర్గా. మేవే ఎల్తాం.”

సోమవారం పదిమంది ఆడవాళ్ళు మేనేజరు గదిలోకి వెళ్ళారు. ముందు నిలబడ్డది పోతమ్మ కోడలు అనూరాధ. ఇంటర్ చదివింది, రాత్రంతా కాగితం మీద రాసుకున్న నాలుగు ఇంగ్లీషు వాక్యాలు చెప్పింది. ఒక్కటీ వదల్లేదు. మేనేజరు అలవాటు కొద్దీ దుర్గారావుకేసి తిరిగి, ఏమంటోందని అడిగాడు.

“ఇంగ్లీషులోనే చెబుతోంది సార్,” అన్నాడు దుర్గారావు.

మేనేజరు ఇంకోసారి చెప్పించుకున్నాడు. రోడ్డు ఎంత వెడల్పని అడిగాడు. పెద్ద బస్సు తిరగదు, చిన్నది తిరుగుతుందా అన్నాడు. బస్సుల కాంట్రాక్టరుకి ఫోన్ చేశాడు. ఒకటో తారీకు నుంచి ఊళ్ళోకి వస్తుందని చెప్పాడు. గోడ గడియారం ప్రకారం మొత్తం పది నిమిషాలు పట్టింది. ఆడవాళ్ళు వెళ్ళిపోయాక, ఇన్నేళ్ళలో ఒక్కరైనా ఎందుకు అడగలేదని దుర్గారావుని అడిగాడు. వాళ్ళు అడిగారు, నేను చెప్పలేదు అన్నాడు దుర్గారావు. మర్నాటి నుంచి అతన్ని స్టోర్సులో వేశారు. అక్కడ పెట్టెలతోనే పని, పెట్టెలకి రాయబారం అక్కర్లేదు అని తోటివాళ్ళతో చెప్పుకున్నాడు. వాళ్ళు నవ్వారు.

ఆ సోమవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి చిట్టమ్మ అరుగు మీద కాలు చాపుకుని చేపలు కోస్తోంది. సారు ఏమన్నాడని అడిగింది. నానా తంటాలూ పడి ఒప్పించామని చెప్పడానికి మాట నాలిక మీదే ఉంది. వీధి మలుపులోనే తయారైపోయింది.

“ఒప్పుకున్నాడు. పది నిమిసాల్లో ఒప్పుకున్నాడు.”

చిట్టమ్మ చేతిలో కత్తి ఆగింది.

“పది నిమిసాలేనా అన్నియ్యా?”

“పదే.”

ఆమె మళ్ళీ కొయ్యడం మొదలుపెట్టింది. రెండు చేపలయ్యాక, తలెత్తకుండానే అంది.

“నాను సారుతో సెప్పమని నీ కాలట్టుకున్నది ఉగాదికి. ఆటో తిరగబడ్డది ఆ ఏడు వినాయక సవితికి.”

దుర్గారావు ఆమె పక్కన అరుగు మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. ఎప్పట్లాగే దాన్ని నవ్వులోకి తిప్పబోయాడు. తిరగలేదు.